పేరు అడిగి పారిపోయే ఆట: సివిలైజేషన్ 2తో నా అనుభవం

సివిలైజేషన్ 2 అనే పాత కంప్యూటర్ ఆట నా కొత్త ల్యాప్‌టాప్‌లో ఎట్టకేలకు నడిచింది. ఇది టైప్ చేస్తుంటే వెనక విండోలో తెరిచే ఉంది. పక్క దీవిలో నా ప్రత్యర్థి జాతి జులూలు నా మీద కత్తి నూరుతున్నారు, నూరనీ. కోపం చల్లారకముందే రాసేస్తే నాలాంటి పిచ్చోళ్లు ఇంకెవరికైనా పనికొస్తుందని కూర్చున్నా.

చిన్నప్పుడు ఆడిన టర్న్ బేస్డ్ (వంతులవారీగా ఎత్తు వేసే) స్ట్రాటజీ ఆటలన్నీ మళ్లీ ఎక్కించుకుందామని మొదలుపెట్టా. చాలా వాటితో పేచీ ఏమీ రాలేదు. హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3కి అభిమానులు చేసిన హెచ్‌డీ మాడ్ (ఆటని మార్చే అదనపు ఫైళ్లు) ఉంది, అది వేస్తే పెద్ద తెర నిండా పరుచుకుంది. 2015లో వచ్చిన అధికారిక హెచ్‌డీ ఎడిషన్ జోలికి మాత్రం పోకండి, అందులో తర్వాత వచ్చిన అదనపు భాగాలు, అంటే రెండు ఎక్స్‌పాన్షన్లూ లేవు. పాత కంప్లీట్ ఎడిషన్ తీసుకుని మాడ్ వేసుకోండి. ఆల్ఫా సెంటారీ మొరాయిస్తే దాని సెట్టింగులుండే ఐఎన్ఐ ఫైల్లో డైరెక్ట్‌డ్రా=0 అని ఒక్క లైను చేర్చా, లేచి కూర్చుంది. 1994 నాటి మాస్టర్ ఆఫ్ మ్యాజిక్ డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాంలో దర్జాగా నడిచింది.

ఇక్కడే ఒక తమాషా ఉంది. ఆట ఎంత పాతదైతే అంత కష్టమనుకుంటాం కదా, తీరా చూస్తే విండోస్ 95కి ముందు రాజ్యమేలిన డాస్ కాలం ఆటలే సులువు. డాస్‌బాక్స్ ఆ నాటి కంప్యూటర్ మొత్తాన్నీ, సౌండ్ కార్డుతో సహా, నకలు చేసి పెడుతుంది. ఆటకి తాను ఏ కాలంలో ఉన్నానో కూడా తెలియదు. చావంతా ఆ తర్వాత విండోస్ 95 రోజుల్లో పుట్టిన వాటితోనే. వాటికి నకలు కంప్యూటర్ ఉండదు, నేరుగా ఇప్పటి విండోస్‌తోనే కాపురం చేయాలి. దానికీ వీటికీ పొసగదు.

సివిలైజేషన్ 2 సరిగ్గా ఆ బాపతు. 1996లో వచ్చిన మొదటిది 16-బిట్ ప్రోగ్రాం, అంటే పాత తరం పద్ధతిలో రాసింది. 64-బిట్ విండోస్ 16-బిట్ ప్రోగ్రాంలని గుమ్మం కూడా తొక్కనివ్వదు. ఆ కాలపు డిస్కులు చాలావాటిలో ఆట 32-బిట్ అయినా ఇన్‌స్టాలర్ మాత్రం 16-బిట్టే ఉంటుంది, ఆటలోకి వెళ్లకముందే కథ కంచికి. నా దగ్గరున్నది తర్వాత వచ్చిన మల్టీప్లేయర్ గోల్డ్ ఎడిషన్, అది 32-బిట్. పైగా పాత కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ అయిన ఫోల్డరే ఉంది, ఇన్‌స్టాలర్‌తో పని లేదు. యథాతథంగా తెచ్చి పెట్టా, డబుల్ క్లిక్ చేశా. మెనూ వచ్చింది, ఎగిరి గంతేశా.

కొత్త ఆట. ప్రపంచం ఎంత పెద్దది, కష్టం ఏ స్థాయి, ఎంతమంది ప్రత్యర్థులు, బార్బేరియన్లు ఎంత ఉధృతంగా ఉండాలి, ఆడా మగా, ఏ జాతి. ఒక్కోదానికీ తాపీగా జవాబిచ్చా. రోమన్లు అని నొక్కా. ఇక నా పేరు అడగాలి. అడగబోయింది కూడా. అంతే, ఆట మాయం! ఎదురుగా డెస్క్‌టాప్. ఎర్రర్ లేదు, ఏమైందో చెప్పే ముక్క లేదు. మళ్లీ మొదలుపెట్టి ప్రపంచం, కష్టం, ప్రత్యర్థులు అన్నీ నింపుకుంటూ వచ్చా. పేరు దగ్గరికి రాగానే మళ్లీ పరారు.

ఇలాంటప్పుడు అందరూ చెప్పే చిట్కాలు ఉంటాయి కదా. కంపాటిబిలిటీ మోడ్‌లో విండోస్ 95 పెట్టు, అడ్మినిస్ట్రేటర్‌గా నడుపు, 256 రంగులకి దించు, 640×480 చెయ్యి, డీపీఐ స్కేలింగ్ ఆపు. విడివిడిగా చేశా, కలిపి చేశా. 256 రంగులు పెట్టినప్పుడు నా డెస్క్‌టాప్ ముఖానికి పసుపు పూసినట్టయింది తప్ప ఆట మాత్రం తన టైముకి తాను పోతూనే ఉంది.

హక్కులున్న కంపెనీ హెల్ప్‌డెస్క్‌కి రాశా. పేరు చెప్పను, చెప్పినా వాళ్లకి సిగ్గు లేదు. గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేసుకోమని జవాబు. త్రీడీ అన్న మాటే లేని ఆటకి! అదీ చేసి మళ్లీ రాస్తే, ఈ ఉత్పత్తికి సపోర్ట్ ముగిసిందని చెప్పి టికెట్ మూసేశారు. వెనకాలే ఇంకో మెయిల్: మా సేవ మీకు ఎలా అనిపించింది, అయిదు నక్షత్రాలకి ఎన్నిస్తారు? ఇచ్చా లెండి.

సరే, తోటి ఆటగాళ్లనే అడుగుదామని ఒక గ్రూపులో పెట్టా. అక్కడ ఒక సీనియర్ ఉన్నాడు. ప్రతి గ్రూపులోనూ ఉంటాడు. "తమ్ముడూ, ఇది నీ వల్ల అయ్యే పని కాదు. కొత్త పార్ట్ కొనుక్కుని ఆడుకో. మేం అప్పట్లోనే ఎక్స్‌కామ్‌ని డాస్‌లో సూపర్‌హ్యూమన్ మీద ఫినిష్ చేసిన బ్యాచ్" అని రాశాడు. దాని కింద నవ్వుల వరస. ఎక్స్‌కామ్ కూడా పాత స్ట్రాటజీ ఆటే, సూపర్‌హ్యూమన్ అందులో అన్నిటికన్నా కష్టమైన స్థాయి. మంచి ఉద్యోగం చేసుకుంటున్న మనిషిని, ఒక ఆట పేరు చెప్పి నలుగురిలో నవ్వులపాలు కావాల్సి వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి.

పరిష్కారం ఆ సారు చెప్పలేదు, హెల్ప్‌డెస్కూ చెప్పలేదు. నాకే తట్టింది, ఈ మాత్రం గొప్ప చెప్పుకునే హక్కు నాకుంది. పాత ఫోల్డర్‌లో సేవ్ చేసిన ఆటలున్నాయి. ఒకటి తెరిచా. నడిచింది! టర్న్ తర్వాత టర్న్ హాయిగా పోతోంది. ఒక సెట్లర్‌ని నది పక్కకి తీసుకెళ్లి ఊరు కట్టమని బీ నొక్కా. ఊరి పేరు అడగబోయి ఆట మాయం. అప్పుడు వెలిగింది. రంగులు కాదు, డ్రైవర్ కాదు, రిజల్యూషన్ కాదు. అక్షరాలు టైప్ చేసే పెట్టె ఎక్కడ తెరుచుకుంటే అక్కడ పోతోంది.

ఆ ముక్క పట్టుకుని వెతికితే చిటికెలో దొరికింది. విండోస్‌లో టైప్ చేసే పెట్టెకి లోపల కొంచెం ఖాళీ చోటు ఉంటుంది. ఈ ఆట తన సమాచారం అక్కడ దాచుకుంటుంది. 64-బిట్ విండోస్‌లో ఆ చోటు లెక్క మారింది. ఆట పాత లెక్కనే నమ్మి చెయ్యి పెట్టేసరికి కూలిపోతోంది. జీతం భత్యం లేని అభిమానులెవరో ఎప్పుడో ఆ సంగతి కనిపెట్టి, ఆటని నడిపే ఈఎక్స్ఈ ఫైల్లో ఆ కాస్త చోటు సరిచేసే చిన్న ప్యాచ్ చేసి పెట్టారు. 64-బిట్ ఎడిట్ బాక్స్ ప్యాచ్ అని వెతకండి. ముందు ఈఎక్స్ఈకి ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోండి. నా యాంటీవైరస్ ఆ ప్యాచ్‌ని దొంగని పట్టినట్టు పట్టుకుంది. నేను విడిపించా. మీరు మాత్రం నలుగురూ వాడి బాగుందన్న చోటి నుంచే దించుకోండి.

అసలు అడుగుతున్నా, హక్కులు కొనుక్కుని బీరువాలో పెట్టుకున్న వాళ్లకి చేతకాని పని జనం ఊరికే చేస్తున్నారే, ఆ ఆట ఎవరిదనాలి? ఎక్స్‌కామ్‌కి ఓపెన్‌ఎక్స్‌కామ్, హీరోస్ 2కి ఎఫ్‌హీరోస్2, హీరోస్ 3కి వీసీఎంఐ, ఇవన్నీ ఆట ఇంజిన్‌ని మొదటి నుంచీ తిరగరాసినవే. అసలు ఆట ఫైళ్లు మీ దగ్గరుంటే చాలు, ఇప్పటి కంప్యూటర్‌లో ఇప్పటి ప్రోగ్రాంలా నడుస్తాయి. దండం పెట్టాలి వాళ్లకి.

ఇంకో సంగతి. సివిలైజేషన్ 2లో సంగీతం ఆట ఫైళ్లలో ఉండదు, డిస్కు మీద ఆడియో సీడీ ట్రాకులుగా ఉంటుంది. డిస్కుని కంప్యూటర్‌లోకి ఐఎస్ఓ ఫైలుగా కాపీ తీస్తే పాటలు రావు, బిన్-క్యూ అనే ఇంకో రకంగా తీసుకోవాలి. గోల్డ్ ఎడిషన్‌లో కంప్యూటర్ రాజులు కారణం లేకుండా మన మీద పగబడతారు, అది మీ ఆట తీరు వల్ల కాదు, ఆ ఎడిషన్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బు. దానికీ అభిమానుల ప్యాచ్ ఉంది. నేను వేసుకోలేదు. జులూలతో తేల్చుకోవాల్సింది ఉంది.

ఇక ఆ సీనియర్ సంగతి. ఎక్స్‌కామ్ డాస్ వెర్షన్‌లో పేరుమోసిన బగ్ ఒకటుంది. మీరు ఏ స్థాయి ఎంచుకున్నా సరే, మొదటి మిషన్ అయిపోగానే ఆట గుట్టుచప్పుడు కాకుండా అన్నిటికన్నా తేలికైన బిగినర్ స్థాయికి దిగిపోతుంది. అప్పట్లో ఎవరికీ తెలియలేదు. ఆట తేలిగ్గా ఉందని జనం అంటే, నిజమే కాబోలని 1995లో రెండో భాగం టెర్రర్ ఫ్రమ్ ద డీప్‌ని కర్కోటకంగా తయారుచేశారు. సారు డాస్‌లో సూపర్‌హ్యూమన్ మీద ఫినిష్ చేశానన్నారు కదా. ఈ వివరం ఆయన వ్యాఖ్య కిందే వినయంగా "అన్నగారూ" అని సంబోధించి మరీ పెట్టా. అన్నగారు ఇంతవరకూ పలకలేదు.

నేను మాత్రం ఆ బగ్ లేని ఓపెన్‌ఎక్స్‌కామ్‌లో అసలు సిసలు సూపర్‌హ్యూమన్ మొదలుపెట్టా. మొదటి మిషన్‌లోనే సగం మంది సైనికులు విమానం ర్యాంప్ దిగకుండానే పోయారు. ఇది గ్రూపులో పెట్టలేదు.