ఎర్రగుడి దారిలో ఒక మంగళవారం

ఈ రోజు ఆరో తరగతిలో ఒక పిల్లవాడు లేచి, "మేడమ్, అశోకుడు కళింగ గెలిచినాడు కదా, మళ్లీ ఎందుకు బాధపడినాడు?" అని అడిగాడు. పాఠంలో ఉన్న జవాబే చెప్పాను. చాలామంది చనిపోయారు, అది చూసి మనసు మారింది అని. వాడు కూర్చున్నాడు గానీ ఒప్పుకున్నట్టు లేదు. గెలిచినవాడికి ఇంకేం తక్కువ అనేది వాడి లెక్క. పెద్దవాళ్లం మనం కూడా ఆ లెక్కలోనే బతుకుతున్నాం. అది వస్తే చాలు, ఇది అయితే చాలు అనుకుంటూ.

ఆ రాజు మాటలు మాకు దూరపువి కావు. గుత్తి నుంచి పత్తికొండకు పోయే దారిలో ఎర్రగుడి దగ్గర గుట్ట మీది బండల పైనే ఉన్నాయి. 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటిని గుర్తించి లోకానికి చెప్పారు. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. 14 పెద్ద శాసనాలూ అక్కడున్నాయి. పదమూడోది కళింగ యుద్ధం గురించి. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు కళింగను జయించానని, లక్ష మంది చచ్చిపోయారని, లక్షన్నర మందిని అక్కడి నుంచి తరలించారని, అంతకు ఎన్నో రెట్ల మంది ఇంకా ప్రాణాలు పోగొట్టుకున్నారని ఆయనే చెక్కించాడు. నన్ను ఎప్పుడూ కలచివేసేది ఇంకొకటి. ఈ పదమూడో శాసనం కళింగలో లేదు. అక్కడి ధౌలి, జౌగడ రాళ్ల మీద దాన్ని వదిలేసి వేరే మాటలు రాయించారు. దెబ్బ తిన్నవాళ్ల ముందు పెట్టలేని బాధను తెచ్చి మా సీమ రాళ్ల మీద పెట్టాడనిపిస్తుంది నాకు.

సాయంత్రం గుత్తి బస్సు ఎక్కేసరికి సీట్లు దాదాపు నిండాయి. మొన్న వానలు పడ్డాయి కదా, జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల చేలలో వజ్రాలు వెతికేవాళ్లు దిగారు. తొలకరికి పైమన్ను కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి. అటు అనంతపురం జిల్లా వజ్రకరూరులోనూ ఇదే వరస. కర్ణాటక నుంచి కూడా వస్తారు. టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా పెట్టుకుని ఎండలో వంగి నడుస్తూనే ఉంటారు. ఫలానావాళ్లకు దొరికిందట, లక్షలు పలికిందట అని ఏటా పేపర్లో వస్తుంది. దొరకనివాళ్ల గురించి ఎవరు రాస్తారు? చేను గలాయనకేమో విత్తనం వేసే పదునంతా తొక్కేస్తున్నారని బాధ. అదీ న్యాయమే.

నా పక్కన ఒకామె కూర్చుంది. చీర అంచు నిండా ఎర్రమట్టి.

"ఏమన్నా దొరికిందా అక్కా?"

"యాడిది మేడమ్. పొద్దున్నుంచి ఒంగి ఒంగి నడుము పడిపోయింది."

"దొరికితే ఏం చేస్తావు?"

"అప్పు కడతాను. మా ఆయప్ప బోర్లేపించి చేసినాడు. రెండూ ఎండిపాయ."

"కట్టేసినాక?"

ఆమె కొంచెంసేపు ఆలోచించింది. "రేత్రి నిద్ర పడతాది గదా మేడమ్. ఇంగేం గావాల."

ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగి, "ఆశకు అంతుండాలమ్మా, ఉన్నదాంట్లో తృప్తిగా బతకల్ల" అన్నాడు. మంచికే చెప్పి ఉంటాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. తృప్తి గురించిన బోధ ఎప్పుడూ ఏమీ లేనివాళ్లకే ఎందుకు చేస్తారు? బోరు ఎండి, అప్పు మిగిలి, నిద్ర పట్టని మనిషి రాయి ఎతుక్కుంటే అది ఆశా? ఆమె అడిగింది మేడ కాదు, కారు కాదు. నిద్ర. "నిద్ర పట్టాలనుకోవడం అత్యాశ కాదు సార్" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఆమె కిటికీలోంచి చేల వైపు చూస్తూ ఉండిపోయింది. గుత్తిలో దిగేటప్పుడు "పోయొస్తా మేడమ్" అంది.

ఇంటికొచ్చాక అత్తమ్మ రాగి సంగటి, ఊరుబిండి పెట్టింది. తిని చెయ్యి కడుక్కుంటే కడుపు, మనసు రెండూ నిండాయి. ఇది ఊరికే అనే మాట కాదు. ఒకటో తారీకు జీతం వస్తుంది, సొంత ఇల్లుంది, అబ్బాయి బెంగళూరులో కుదురుకున్నాడు. అనంతపురంలో ప్లాటు కొందామని మా ఆయన అంటుంటారు, నాకు దాని మీద మనసు పోదు. నా వరకు చాలు అని నిజంగానే అనగలను. మనిషికి తృప్తి ఉండదనే మాటను నేను నమ్మను. ఉంటుంది, ఎవరి కంచం దగ్గర వాళ్లకుంటుంది.

కానీ పదో తరగతి హాజరు పట్టీలో ఒక పేరు పిలిచినప్పుడల్లా జవాబు రావడం లేదు. సంక్రాంతి అయినాక ఇంటిల్లిపాదీ సుగ్గికి పోయారు, గుంటూరు వైపు మిరప కోతకు. మిగతావాళ్లు వేసవిలో తిరిగొచ్చారు, వీళ్లు రాలేదు. తొమ్మిదిలో మ్యాప్ పాయింటింగులో అందరికంటే చక్కగా చేసిన పిల్ల. నా కంచం నిండిందని ఈ లోటు పూడదు. పూడాలని కూడా నేను కోరుకోను. రాజ్యం చేతికొచ్చిన రాజుకు తక్కువైంది కూడా తన కోసం కావాల్సింది కాదు. ఇతరులకు జరిగిపోయినది. అలాంటి చోట తృప్తి పడ్డవాణ్ని చూస్తే నాకు భయమేస్తుంది. ఇది ఆ ఆరో తరగతి పిల్లవాడికి రేపు వాడి మాటల్లోనే చెప్పాలి. పుస్తకంలో జవాబు వాడికి సరిపోలేదు, సరిపోకపోవడం మంచిదే.

ఆ పిల్ల వాళ్ల జేజి (అవ్వ) ఊర్లోనే ఉందట. రేపు మధ్యాహ్నం ఖాళీ పీరియడ్లున్నాయి, పోయి కలుస్తానని హెడ్మాస్టరు గారికి చెప్పాను, సరేనన్నారు. ఫోన్ నంబరు దొరికితే వాళ్ల అమ్మతో నేనే మాట్లాడతాను. హాస్టల్లో సీటు సంగతి కూడా కనుక్కుని పెట్టుకోవాలి, లేకపోతే "పిల్లను ఎవరి దగ్గర వదలమంటావ్ మేడమ్" అంటుంది, అప్పుడు నా దగ్గర జవాబుండాలి.