మ్యాపులు సున్నా, చుక్కలు నాలుగు: నా ఇంటర్వ్యూ అనుభవం

నిన్న సాయంత్రం ఆరున్నరకి మెయిల్ వచ్చింది. మ్యాథ్స్ పీహెచ్‌డీకి సెలెక్ట్ అయ్యాను. మారతహళ్ళిలో 500డీ బస్సు కోసం నిలబడి ఉన్నా, మెయిల్ మూడుసార్లు చదువుతూ రెండు బస్సులు వదిలేశా. ఇది రెండో ప్రయత్నం. పోయినేడాది ఇంటర్వ్యూ గదిలో నా పరువు ఎలా పోయిందో, ఈ ఏడాది ఎలా గట్టెక్కానో వేడిమీద రాసేస్తున్నా, నాలుగు రోజులు పోతే నేనే దాన్ని గొప్పగా మార్చి చెప్పుకుంటాను. మ్యాథ్స్ పీహెచ్‌డీ ఇంటర్వ్యూలకి వెళ్ళేవాళ్ళు, అందులోనూ 'కేటగిరీ థియరీ (వస్తువుల లోపలికి చూడకుండా, ఒకదాన్నుంచి ఇంకోదానికి పంపే మ్యాపులతోనే గణితం చెప్పే శాఖ) అంటే ఇష్టం' అని అప్లికేషన్‌లో ధైర్యంగా రాసేవాళ్ళు చదవండి. సంస్థ పేరు చెప్పను. బెంగళూరులోనే ఉంది, అంతవరకు చాలు.

అప్లికేషన్ ఆన్‌లైన్‌లో, పది నిమిషాల పని. రాతపరీక్షలో లీనియర్ ఆల్జీబ్రా, గ్రూపులు, కొంచెం అనాలిసిస్. ఎమ్మెస్సీ నోట్సు కాకుండా పుస్తకం చదివినవాళ్ళకి కష్టం కాదు. సర్టిఫికెట్ల కౌంటర్ మాత్రం వేరే లోకం. అక్కడ కూర్చున్నాయన ప్రొవిజినల్ చూపిస్తే ఒరిజినల్ కావాలన్నాడు, ఒరిజినల్ చూపిస్తే దాని మీది తేదీ, మార్కుల మెమో మీది తేదీ ఎందుకు కలవలేదన్నాడు. పరీక్షలు ఒక ఏడు పెట్టి కాన్వొకేషన్ ఇంకెప్పుడో పెడితే ఎలా కలుస్తాయి మహాప్రభో! మూడు జిరాక్స్ సెట్లు తీసుకెళ్ళండి, నాలుగోది అడుగుతాడు. కన్నడలో రెండు ముక్కలు నేర్చుకుని వెళ్ళండి, కనీసం మొహం ఎత్తి చూస్తాడు.

ఇక అసలు కథ, పోయినేడాది ఇంటర్వ్యూ.

నా స్టేట్‌మెంట్‌లో మొదటి వాక్యం ఇది: '1945లో ఐలెన్‌బర్గ్, మెక్‌లేన్‌లు రాసిన పేపర్‌తో మొదలైన కేటగిరీ థియరీ నన్ను చిన్నప్పటి నుంచి ఆకర్షించింది.' చిన్నప్పుడు నేను నంద్యాలలో గోలీలు ఆడుకుంటున్నా. ప్యానెల్‌లో ముగ్గురు. మధ్యలో కూర్చున్న పెద్దాయన ఆ వాక్యాన్ని పైకి చదివి, పక్కనున్న మేడమ్ వైపు చూసి నవ్వి, "సరే, ఫంక్షన్ ఆబ్జెక్ట్ అంటే ఏమిటో చెప్పు" అన్నారు.

ఎక్స్ నుంచి వై కి ఉన్న మ్యాపులన్నిటినీ ఒకచోట కుప్ప పోస్తే వచ్చేది, దాన్ని వై పవర్ ఎక్స్ అని రాస్తాం, ఎక్స్‌లో మూడు, వై లో రెండు ఉంటే రెండు పవర్ మూడు, ఎనిమిది మ్యాపులు, అని గడగడా చెప్పేశా. తప్పేం కాదు, సెట్లకైతే. "గ్రాఫుల్లో చెప్పు" అన్నారు. గ్రాఫ్ అంటే ఇక్కడ చుక్కలు, వాటి మధ్య బాణాలు. మ్యాపు అంటే చుక్కని చుక్కకి, బాణాన్ని బాణానికి పంపాలి, బాణం మొదలూ చివరా చెదరకూడదు. నేను ఆలోచించనుకూడా లేదు. "అక్కడా అంతే సార్, వై పవర్ ఎక్స్‌లో చుక్కలంటే గ్రాఫ్ మ్యాపులు."

ఆయన లేచి బోర్డు మీద రెండు బొమ్మలు గీశారు. ఎక్స్: రెండు చుక్కలు, వాటి మధ్య ఒక బాణం. వై: రెండు చుక్కలు, బాణాలు లేవు. "ఎన్ని మ్యాపులు?" బాణాన్ని పంపడానికి అవతల బాణమే లేదు కాబట్టి సున్నా అన్నా. "మరి వై పవర్ ఎక్స్‌లో చుక్కలు ఎన్ని?" సున్నా అన్నా. "లెక్కపెట్టి చెప్పు."

లెక్కపెట్టడం ఎలాగో నాకు తెలియలేదు. అది ఒప్పుకోవడానికి ఇప్పుడు కూడా చెయ్యి వణుకుతోంది. డెఫినిషన్ కంఠతా వచ్చు: టీ అనే ఏ ఆబ్జెక్ట్ తీసుకున్నా, టీ నుంచి వై పవర్ ఎక్స్ కి ఒక మ్యాపు ఇవ్వడమూ, టీ క్రాస్ ఎక్స్ నుంచి వై కి ఒక మ్యాపు ఇవ్వడమూ ఒకటే. దాన్ని వాడాలని తట్టలేదు. చివరికి మేడమే జాలిపడి చేయించారు. చుక్క కావాలంటే టీ స్థానంలో ఒంటి చుక్క పెట్టు. ఒంటి చుక్క క్రాస్ ఎక్స్ అంటే ఏమిటి? క్రాస్ అంటే రెండిటి నుంచి జతలు కట్టడం, చుక్కతో చుక్క, బాణంతో బాణం. ఒంటి చుక్కకి బాణం లేదు కాబట్టి ఎక్స్‌లోని బాణం రాలిపోయింది, రెండు చుక్కలు మిగిలాయి. ఆ రెండు చుక్కల నుంచి వై కి మ్యాపులు ఎన్ని? నాలుగు.

మ్యాపులు సున్నా, మ్యాపుల ఆబ్జెక్ట్‌లో చుక్కలు నాలుగు.

"ఆ నలుగురూ ఎవరు మరి?" అని అడిగారు పెద్దాయన. నేను మాట్లాడలేదు. ఏసీ చప్పుడు వినిపిస్తోంది. మూడో ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. "పోనీ, కాంపొజిషన్ రాయి. వై పవర్ ఎక్స్ ఉంది, జెడ్ పవర్ వై ఉంది. రెండూ కలిపితే జెడ్ పవర్ ఎక్స్ లోకి పోయే మ్యాపు." నేను జీ, ఎఫ్ తీసుకుని 'జీ ఆఫ్ ఎఫ్ ఆఫ్ ఎక్స్' అని రాశా. "ఆ చిన్న ఎక్స్ ఎక్కడి నుంచి తెచ్చావు? ఇక్కడ లోపల ఎలిమెంట్లు ఉన్నాయని నీకెవరు చెప్పారు?" అన్నారు. చాక్ పీస్ కింద పెట్టేశా. తలుపు దాకా వచ్చాక వెనక నుంచి తెలుగులో, "ఏ ఊరు బాబూ?" అన్నారు. అప్పటిదాకా ఇంగ్లీషే. "నంద్యాల సార్." "బాగా చదువుకో." కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. వేరే భాషలో తిట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

ఆ రాత్రి పీజీలో అన్నం తినలేదు. మా రూమ్‌మేట్ గుంటూరు వాడు, కంపెనీలో హాస్కెల్‌లో ప్రోగ్రాములు రాస్తాడు. "ఒరేయ్, అది కరీ చెయ్యడమే కదరా, మేం రోజూ చేసేదే" అన్నాడు. కూరతో సంబంధం లేదు, హాస్కెల్ కరీ అనే లాజిక్ ఆయన పేరు అది, ఆ ఉపాయం 1924లోనే షేన్‌ఫింకెల్ అనే ఇంకో లాజిక్ ఆయన పేపర్‌లో ఉంది. చేసిందొకరు, పేరొకరిది. మా ఆఫీసులో కూడా అంతే. కరీ చెయ్యడమంటే రెండు ఇన్‌పుట్ల ఫంక్షన్‌ని, ఒక ఇన్‌పుట్ తీసుకుని ఇంకో ఫంక్షన్‌ని తిరిగిచ్చే ఫంక్షన్‌గా మార్చడం. వాడు చెప్పింది అర్థమైంది కానీ బోర్డు ముందు నిలబడితే చేతికి వచ్చేంతగా కాదు.

చేతికి వచ్చింది సంక్రాంతికి ఊళ్ళో. జొన్నలు పట్టించుకు రమ్మని అమ్మ మరకి పంపింది. దీని గురించే ఆలోచిస్తూ వెళ్ళి మర ముందు బండి దిగాక చూస్తే మూట లేదు, ఇంట్లో అరుగు మీదే వదిలేశా. మర ఆడించే ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, "గింజలేవి నాయనా? మర ఉంది, నువ్వున్నావు, గింజల్లేకుండా ఏం పట్టాలి?" అన్నాడు. నవ్వుకుంటారేమో, నాకు అక్కడే వెలిగింది.

ఎక్స్ అంటే జొన్నలు, వై అంటే పిండి, జెడ్ అంటే రొట్టె అనుకోండి. వై పవర్ ఎక్స్ అంటే మరలున్న షెడ్డు. షెడ్డు లోపల ఏ మర ఎలా ఉందో చూడనక్కర్లేదు. మరనీ జొన్నల్నీ కలిపి ఇస్తే పిండి వస్తుంది, అంతే. దాని పేరు ఎవాల్యుయేషన్, ఫంక్షన్ ఆబ్జెక్ట్‌తో పాటు మనకి ఇచ్చే సామాను అదొక్కటే. అలాగే జెడ్ పవర్ వై అంటే రొట్టె చేసే చేతులు. చెయ్యి, మర, జొన్నలు, మూడూ ఇచ్చావనుకో. చేతిని ఒక పక్కన కదలకుండా ఉంచి (బోర్డు మీద అది ఐడెంటిటీ) మరకి జొన్నలు పోస్తే పిండి. ఇప్పుడు చేతికి పిండి ఇస్తే రొట్టె. ఎవాల్యుయేషన్ రెండుసార్లు వాడాం, వేరే ఏమీ వాడలేదు. మూడు వస్తువుల నుంచి రొట్టెకి మ్యాపు వచ్చేసింది. ఇప్పుడు జొన్నల మూట ఇంటి అరుగు మీదే వదిలెయ్యి, నాలాగా. చేతిలో మిగిలింది చెయ్యి, మర అనే జత. ఆ జత 'జొన్నలు తెస్తే రొట్టె ఇస్తాం' అనే ఏర్పాటు, అంటే జెడ్ పవర్ ఎక్స్ లోకి చేరింది. అదే కాంపొజిషన్. ఇందులో ఎక్కడా ఒక్క గింజని కూడా వేలితో చూపించలేదు, అందుకే ఇది సెట్లలోనే కాదు, గ్రాఫుల్లోనూ నడుస్తుంది, ప్రొడక్టులూ (అంటే క్రాస్‌లు) ఫంక్షన్ ఆబ్జెక్టులూ ఉన్న ఏ కేటగిరీలోనైనా నడుస్తుంది.

మూట కోసం ఇంటికి మళ్ళీ వెళ్ళా. అమ్మ తిట్టింది, అది వేరే సంగతి.

వరస గురించి ఒక మాట. ఎఫ్ ముందు చేసి జీ తర్వాత చేస్తే మ్యాథ్స్‌లో జీ ని ఎడమ పక్కన రాస్తారు, పిల్లలంతా తికమక పడేది అక్కడే. మన మాటలో ఆ బాధ లేదు. 'నాయనమ్మ' అంటే ముందు నాయన దగ్గరికి పోయి, అక్కడి నుంచి అమ్మ దగ్గరికి పోవడం. చేసిన వరసలోనే పలుకుతాం. 'అమ్మమ్మ' అంటే ఒకే మ్యాపుని రెండుసార్లు కలపడం. మా వైపు జేజి అంటాం కాబట్టి నాకు ఆలస్యంగా తట్టింది కానీ, కాంపొజిషన్ తెలుగు పిల్లలకి ఊయలలోనే వచ్చు. ఏ కాలేజీలోనూ ఇలా చెప్పరు. నాకు ఎమ్మెస్సీలో చెప్పిన ఆయన డెఫినిషన్ బోర్డు మీద రాసి, అండర్‌లైన్ కొట్టి, 'ఇంపార్టెంట్, ఎనిమిది మార్కులు' అన్నారు. ఎనిమిది మార్కులూ వచ్చాయి నాకు. ఏం లాభం.

ఈ ఏడాది అదే గది, అదే ముగ్గురు. నేను కూర్చోకముందే పెద్దాయన, "నంద్యాల! ఆ నలుగురూ ఎవరో తెలిసిందా?" అన్నారు. ఏడాది పాటు గుర్తుంచుకున్నారంటే సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఈసారి చాక్ పీస్ నేనే అడిగి తీసుకున్నా.

చుక్కలంటే బాణాల్ని పట్టించుకోకుండా చుక్కల్ని చుక్కలకి పంపే పద్ధతులు, అందుకే నాలుగు. బాణం కావాలంటే టీ గా ఒంటి బాణాన్ని పెట్టాలి. అప్పుడు వై పవర్ ఎక్స్‌లో పీ అనే చుక్క నుంచి క్యూ అనే చుక్కకి బాణమంటే, ఎక్స్‌లోని ప్రతి బాణానికీ వై లో ఒక బాణం చూపించడం, అది మొదలయ్యే చోటు పీ చెప్పాలి, ముగిసే చోటు క్యూ చెప్పాలి. పీ, క్యూ ఒకటే అయితే ఆ బాణం తన మీదికే తిరిగొచ్చే లూప్ అవుతుంది, అదే నిజమైన గ్రాఫ్ మ్యాపు. "అంటే సార్, మ్యాపులు చుక్కల్లో లేవు, లూపుల్లో ఉన్నాయి. పోయినేడాది నేను వేరే వీధిలో వెతికాను." మేడమ్ నవ్వారు. ఆ వాక్యం ముందే తయారు చేసుకున్నదని ఇక్కడ ఒప్పుకుంటున్నా.

కాంపొజిషన్ అడిగారు, రాశా. అసోసియేటివిటీ అడిగారు. మూడు కలపడంలో ఏ రెండు ముందు కలిపినా, మూట తిరిగి పోసి చూస్తే రెండు దారుల్లోనూ అవే మూడు ఎవాల్యుయేషన్లు అదే వరసలో జరుగుతాయి. మూట వదిలేసే పద్ధతి ఒకటే కాబట్టి రెండు మ్యాపులూ ఒకటే. ఈ 'ఒకటే కాబట్టి' అన్న మాట మింగేయకండి, మార్కులన్నీ అక్కడే ఉన్నాయి.

చివరి ప్రశ్న ఫోన్ ఆయనది. ఈసారి ఫోన్ పక్కన పెట్టాడు. "వెక్టర్ స్పేసుల్లో ఫంక్షన్ ఆబ్జెక్ట్ ఎందుకు కుదరదు?" టెర్మినల్ ఆబ్జెక్ట్ (దేని నుంచైనా దానికి ఒకే మ్యాపు ఉండేది) అక్కడ సున్నా స్పేసు. దాని నుంచి ఎక్కడికైనా ఒకే ఒక్క లీనియర్ మ్యాపు. దాన్ని టీ గా పెడితే, సున్నా క్రాస్ ఎక్స్ అంటే ఎక్సే కాబట్టి, ఎక్స్ నుంచి వై కి కూడా ఒకే మ్యాపు ఉండాలి, కానీ బోలెడు ఉన్నాయి. "లీనియర్ మ్యాపులన్నీ ఒకచోట చేరిస్తే వెక్టర్ స్పేస్ అవుతుంది కదా?" అని మెలిక పెట్టాడు. అవుతుంది, కానీ దానికి జోడు టెన్సర్ ప్రొడక్ట్ (ఒక్కో వైపూ విడివిడిగా లీనియర్ అయ్యే మ్యాపుల కోసం కట్టేది), మామూలు ప్రొడక్ట్ కాదు అన్నా. తల ఊపాడు. లావేర్ అనే గణితవేత్త 1969లో కాంటర్ డయాగనల్ వాదాన్ని (అనంతాల్లోనూ చిన్నా పెద్దా ఉన్నాయని చూపేది) ఇదే సరుకుతో ఎలా చెప్పాడో రెండు వారాలు కూర్చుని చదివా, అది ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే బోర్డు చాలేది కాదు.

మొదటిసారి చదివేవాళ్ళకి నేను చెప్పేది, టోపాలజీ ఉదాహరణలతో మొదలు పెట్టొద్దు. మామూలు టోపలాజికల్ స్పేసులన్నీ తీసుకుంటే ఫంక్షన్ ఆబ్జెక్ట్ ప్రతిసారీ దొరకదు, 1967లో స్టీన్‌రాడ్ అనే టోపాలజీ ఆయన దానికోసం అనుకూలమైన స్పేసుల్ని ఏరి పెట్టుకోవాల్సి వచ్చింది. గ్రాఫులతో మొదలుపెట్టి చిన్న చిన్నవి చేత్తో లెక్కపెట్టండి. యూట్యూబ్‌లో బొమ్మలు చూసి అర్థమైపోయిందనుకునేవాళ్ళు పోయినేడాది నాలాగే తలుపు దాకా నడుస్తారు.

మెయిల్ కింద ఒక అటాచ్‌మెంట్ ఉంది, అదే కౌంటర్ నుంచి. మైగ్రేషన్ సర్టిఫికెట్ ఒరిజినల్ పది రోజుల్లో ఇవ్వాలట. అది ఇంకా మా యూనివర్సిటీలోనే ఉంది. రేపు రాత్రి బస్సుకి బయల్దేరుతున్నా, నాలుగు సెట్ల జిరాక్స్‌తో.