ఎగ్మూరు మ్యూజియంలో రవివర్మ తైలవర్ణాలు

ఈసారి చెన్నై వెళ్ళినప్పుడు మా బాబాయిని వెంటబెట్టుకుని ఎగ్మూరు పాంథియన్ రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియానికి వెళ్ళాను. అమరావతి శిల్పాలను దాటి ముందుకు పోవడం తెలుగువారికి కష్టమే గానీ, ఆ రోజు నా ధ్యాసంతా రాజా రవివర్మ మీదే ఉంది. సినిమా బ్యానర్లు గీస్తూ బతికిన బాబాయికి ఆయన గురువుతో సమానం.

రవివర్మ తైలవర్ణాలు నేర్చుకున్న తీరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలుగుతుంది. తిరువాన్కూరు ఆస్థాన చిత్రకారుడు రామస్వామి నాయుడు ఆ విద్య చెప్పడానికి ఇష్టపడలేదు. 1868లో అక్కడికి వచ్చిన ఐరోపా చిత్రకారుడు థియోడర్ జెన్సన్ కూడా తాను బొమ్మ వేస్తుంటే చూడనిచ్చాడే తప్ప నేర్పలేదు. ఐరోపాలో ఎన్నడూ అడుగుపెట్టని ఆ యువకుడు, చూపుతోనే సాధన చేసి, 1873లో ఈ మద్రాసులోనే, సిగలో మల్లెలు ముడుచుకుంటున్న నాయర్ స్త్రీ చిత్రానికి బంగారు పతకం అందుకున్నాడు.

మ్యూజియంలో ఒక స్త్రీ చిత్రం ముందు బాబాయి నన్ను ఆపి, "మెడలో ఆ హారం చూడరా, బంగారం ఎక్కడుంది?" అన్నారు. దగ్గరికి వెళ్ళి చూస్తే అక్కడ ఉన్నది ముదురు గోధుమరంగు, దాని మీద పసుపు, అంచున చిన్న తెల్లని చుక్క, అంతే. తంజావూరు చిత్రాలలో సుద్దముద్దతో ఉబ్బెత్తు చేసి, రాళ్ళు పొదిగి, నిజమైన బంగారు రేకు అంటించేవారు. రవివర్మ ఆ నగల మీది మక్కువను వదులుకోలేదు; రేకును మాత్రం వదిలి, వెలుగు పడే చోటును రంగుతో పట్టుకున్నాడు. అవిసె నూనెలో కలిపిన రంగు త్వరగా ఆరదు కాబట్టి, చెంప మీది వెలుగు నీడలోకి గీత తెలియకుండా కలిసిపోతుంది. ఒక పక్క నుంచి వెలుగు, వెనుక చీకటి అన్నది ఐరోపా పాత మహాచిత్రకారుల పద్ధతి. దానిని ఆయన నగలకూ చీర మడతలకూ అన్వయించిన తీరులోనే సొంత ప్రతిభ ఉంది. అందుకే ఆయనను కేవలం అనుకర్త అనేవారితో నేను ఏకీభవించను.

అయితే కొన్ని చిత్రాలలో వెనుకనున్న చెట్లూ మేడలూ నాటకాల తెరలా చదునుగా కనిపిస్తాయి. ముఖం మీద చూపిన శ్రద్ధ అక్కడ చూపలేదని నా అభిప్రాయం. బాబాయి మాత్రం, కన్ను ముఖం మీదనే నిలవాలని ఆయన కావాలనే అలా వదిలాడని గట్టిగా వాదించారు.