ఇరవై లెక్కలు వద్దు, ఐదు చాలు

"సార్, మావోడు ఇంటికాడ పుస్తకం ముట్టడు. జర ఎక్కువ హోంవర్క్ ఇయ్యండి." పేరెంట్స్ మీటింగ్ పెట్టినప్పుడల్లా ఈ మాట వస్తుంది. నేను వరంగల్ దగ్గర ఒక జెడ్పీ హైస్కూల్లో ఆరు నుంచి ఎనిమిది దాకా లెక్కలు చెప్తాను. హోంవర్క్ ఉండాల్సిందే అంటాను. ఎక్కువ ఉండాలంటే మాత్రం ఒప్పుకోను.

మొన్న ఏడో తరగతి పిల్లాడి నోట్సు చూశాను. భిన్నాల కూడికలు పేజీల కొద్దీ చేశాడు, అన్నీ కరెక్టే. పక్కనే 2/3 × 3/4 ఇచ్చాను. అలవాటుగా కసాగు తీశాడు. 8/12, 9/12 అని రాసుకున్నాడు. లవాలు రెండూ గుణించి హారం 12 అట్లనే ఉంచాడు. 72/12, జవాబు 6! ఒకటి కంటే చిన్నవైన రెండు భిన్నాలను గుణిస్తే ఆరెట్లా వస్తుందని అనుమానమే రాలేదు. ఎందుకొస్తుంది? ఆ పేజీల్లో ఎక్కడా ఏ పద్ధతి వాడాలో ఆలోచించే పని పడలేదు కదా.

ఇది నా ఒక్కడి గోల కాదు. అమెరికాలో డగ్ రోరర్ అనే పరిశోధకుడి బృందం ఏడో తరగతి పిల్లలతోనే దీన్ని పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించింది. ఒకే రకం లెక్కలు వరసగా చేసినవాళ్లకు నెల తర్వాత పెట్టిన పరీక్షలో 42 శాతం వస్తే, రకరకాలవి కలిపి చేసినవాళ్లకు 74 శాతం వచ్చింది.

అందుకే నేనిచ్చేవి ఐదే. రెండు ఈరోజు పాఠంలోవి, రెండు ఎప్పుడో అయిపోయిన పాఠాలవి, ఒకటి ఇంటి లెక్క. మిర్చి సీజన్లో అయితే ఇట్లా: నలభై కిలోల బస్తాలు పన్నెండు, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోయినయి, ఎన్ని క్వింటాళ్లు? దీనికి మాత్రం గైడ్‌లో జవాబు దొరకదు.

కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు హోంవర్క్ రోజుకు గంట దాటకూడదు. అది అన్ని సబ్జెక్టులకూ కలిపి! లెక్కలకే గంట మింగేస్తే తెలుగు, సైన్స్ ఎప్పుడు చదవాలి? పైగా పత్తి ఏరే రోజుల్లో మా పిల్లల్లో కొందరు బడి నుంచి సీదా చేను కాడికే పోతారు. వాళ్లకు క్లాసు చివర పది నిమిషాలు వదిలేస్తాను, అక్కడే చేసుకుంటారు.

ఇచ్చినదాన్ని తెల్లారి చూడకపోతే మాత్రం ఇవ్వకపోవడమే నయం. ఎర్ర టిక్కు పెడితే చూసినట్టు కాదు. ఎవరో ఒకరిని బోర్డు దగ్గరికి పిలిచి, "ఇక్కడ గుణకారం ఎందుకు చేసినవ్?" అని అడుగుతాను. చూచిరాసినవాడు అక్కడే దొరికిపోతాడు. తిట్టను. అదే లెక్కలో అంకెలు మార్చి మళ్లీ ఇస్తాను.