మూడోసారికి కుదిరిన బార్లీ సూపు

బార్లీ అంటే నాకు చిన్నప్పటి నుంచీ జ్వరమే గుర్తుకు వచ్చేది. అనంతపురంలో మా ఇంట్లో ఎవరికి ఒళ్లు కాలినా అమ్మ బార్లీ కాచి, వడగట్టి, చిటికెడు ఉప్పు వేసి గ్లాసుతో ఇచ్చేది. ఆ జిగురు, ఆ చప్పదనం తలచుకుంటే చాలు, నోరు చేదెక్కేది. అందుకే రెండేళ్ల కిందట జనవరిలో, మేము బెల్‌ఫాస్ట్‌లో అద్దెకు దిగిన కొత్తలో, ఫ్లూతో పడుకున్న నాకోసం పక్కింటి పెద్దావిడ మూత పెట్టిన గిన్నె తెచ్చినప్పుడు, అందులో తేలుతున్న బార్లీ గింజలు చూసి మనసు వెనకాడింది.

మర్యాద కోసం ఒక చెంచా నోట పెట్టుకున్నాను. ఆ తర్వాత గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆగలేదు. చిక్కటి సూపు, పంటికి ముత్యాల్లా తగిలే బార్లీ, కరిగి కలిసిపోయిన పప్పు, ఎముక నుంచి ఊడిపోయిన మాంసం, వీటన్నిటి నడుమ తెల్లగా విచ్చుకున్న ఉడికిన బంగాళాదుంప ఒకటి. దుంపను కొంచెం కొంచెం తుంచి సూపులో ముంచుకుని తినాలి. కంచం మధ్యలో రాగి సంగటి ముద్ద, చుట్టూ పులుసు పోసుకుని పెరిగిన నాకు ఆ తినే తీరు కొత్తగా తోచలేదు. బార్లీ మీద నాకున్న పాత కోపం ఆ పూటే పోయింది.

ఉత్తర ఐర్లండ్‌లో దీన్ని బ్రాత్ అంటారు. చాలా ఇళ్లలో వెజిటబుల్ సూప్ అనే పిలుస్తారు, కానీ మొదలయ్యేది మాంసంతోనే. మనవాళ్లలో శాకాహారులు ఇక్కడ ఎవరింటికైనా భోజనానికి వెళితే పేరు చూసి నమ్మకుండా అడిగి తెలుసుకోవడం మంచిది.

ఒళ్లు కుదుటపడగానే చేయబోయాను. మొదటిసారి నాకు తెలిసిన పద్ధతిలోనే వండాను. నూనెలో ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి వేయించి, మాంసం, బార్లీ, పప్పులు, కూరలు అన్నీ కుక్కర్‌లో వేసి ఆరు విజిళ్లు రానిచ్చాను. మూడో విజిల్‌కే బార్లీ నురుగు రంధ్రంలోంచి పొయ్యి అంతా చిమ్మింది. ఆ నురుగు రంధ్రానికి అడ్డుపడితే కుక్కర్ ప్రమాదమని తర్వాత తెలిసి భయపడ్డాను. లోపల మిగిలింది పిల్లలకు పెట్టే గుజ్జు లాంటిది. దేని రుచి దానికి లేదు, అన్నీ అల్లం వెల్లుల్లి వాసనే.

రెండోసారి కుక్కర్ మానేసి పెద్ద గిన్నె పెట్టాను. పెద్ద మంట మీద తెర్లించాను. అడుగున పప్పు అంటుకుని మాడింది, ఆ మాడు వాసన గిన్నె మొత్తానికీ పట్టింది. పైగా నోట్లో ఇసుక. లీక్ అనే లావాటి ఉల్లికాడ లాంటి కూరను మన ఉల్లికాడల్లాగే పైపైన కడిగి తరిగేశాను. లీక్‌కు మట్టి ఎగదోసి పెంచుతారు కాబట్టి పొరపొరకూ మధ్య మన్ను దాగి ఉంటుందని నాకు తెలియదు. ఆ రోజు గిన్నెడు సూపు పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమంది.

ఇక ఆ పక్కింటి పెద్దావిడనే అడిగాను. తన వంటింట్లోకి పిలిచి కుర్చీ వేసింది. "చూస్తూ ఉండు, ఏమీ చేయకు" అంది. ఆమె దగ్గర చూసినదాన్నే మరుసటి వారం నేను మా ఇంట్లో చేశాను.

శనివారం సెయింట్ జార్జెస్ మార్కెట్‌కు వెళ్లి లీక్‌లు రెండు, క్యారెట్లు మూడు, ఆకులు విరగ్గొట్టని సెలరీ, గుప్పెడు పార్స్‌లీ తెచ్చుకున్నాను. సెలరీకి కాడకంటే ఆకే ముఖ్యం, సూపుకు వాసన ఇచ్చేది అదే. పార్స్‌లీ చూడటానికి కొత్తిమీర చుట్టంలా ఉంటుంది కానీ దాని బదులు కొత్తిమీర వేస్తే కుదరదు. ఇక్కడివారు ఎక్కువగా ఆవు కాలి పిక్క మాంసం వాడతారు. నేను గొర్రె మెడ ముక్కలు ముప్పావు కిలో తీసుకున్నాను. ఐరిష్ స్టూ అనే ఇక్కడి మాంసం వంటకానికి ఎప్పటినుంచో వాడేది ఆ మెడ మాంసమే కాబట్టి ఆమె కూడా సరే అంది. ఎముక, కొవ్వు, నరం కలిసి ఉన్న ముక్క నిదానంగా ఉడికితేనే సూపుకు ఆ చిక్కదనం వస్తుంది. మెత్తటి ఖరీదైన ముక్కలు దీనికి పనికిరావు.

బార్లీ, ఎండు బఠాణీ పప్పు, మైసూరు పప్పు కలిపి సూప్ మిక్స్ పేరుతో ఇక్కడ ప్రతి దుకాణంలోనూ పొట్లాలు దొరుకుతాయి. 200 గ్రాములు రాత్రే నానబోశాను. పొద్దున ఆ నీళ్లు వంపేసి, మూడు లీటర్ల చన్నీళ్లలో మాంసం ఒక్కటే వేసి సన్నని మంట మీద పెట్టాను. వేడి నీళ్లలో వేయకూడదని ఆమె గట్టిగా చెప్పింది. చన్నీళ్లు మెల్లగా కాగుతుంటే బూడిద రంగు తెట్టు పైకి వస్తుంది. దాన్ని గరిటెతో ఓపిగ్గా తీసేస్తూ ఉండాలి. తెట్టు ఆగాక నానిన గింజలు వేసి, పార్స్‌లీ కాడలు దారంతో కట్టి అందులోకి వదిలాను.

అక్కడి నుంచి గంటన్నర. నీళ్లు తెర్లకూడదు. అంచున అప్పుడప్పుడు ఒక బుడగ లేస్తే చాలు. పది నిమిషాలకోసారి గరిటెను అడుగుకంటా తిప్పాను. మంట పెంచుదామని చేయి ఎన్నిసార్లు మీట దగ్గరికి వెళ్లిందో! పోపులో ఆవాలు చిటపటలాడితే వంట మొదలైనట్టు లెక్క మనకు. ఇక్కడ ఏ చప్పుడూ లేదు. మధ్యలో ఫోను చేసిన అమ్మకు అంతా వివరిస్తే, "పోపు వేయకుండా అదేం వంట తల్లీ?" అంది. నా దగ్గర సమాధానం లేదు.

పక్కింటామె పొయ్యి దగ్గర కూర్చున్న రోజు ఆ గంటన్నరలో చాలా మాట్లాడింది. సూపు పలచగా ఉంటే వాళ్ల నానమ్మకు కోపం వచ్చేదట, నీళ్ల సూపు కరువు తిండి అనేదట. తర్వాత నేను చదివి తెలుసుకున్నాను. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పైరుకు తెగులు సోకింది. పేదలు ఎక్కువగా లంపర్ అనే ఒక్క రకం మీదే బతుకుతున్నారు. తర్వాతి ఏళ్లలో దాదాపు పది లక్షల మంది ఆకలితో, జబ్బులతో పోయారు. 1847లో ప్రభుత్వం సూపు కేంద్రాలు తెరిచింది. ఆ జులై నాటికి రోజుకు సుమారు 30 లక్షల మంది వాటి మీద ఆధారపడ్డారు. అయినా కొద్ది నెలలకే మూసేసింది. కొన్నిచోట్ల మతం మారితేనే సూపు పోశారు. "సూపు తీసుకున్నవాడు" అనడం ఐర్లండ్‌లో ఇప్పటికీ తిట్టే. 1952 కరువులో రాయలసీమలో తెరిచిన గంజి కేంద్రాల గురించి, అక్కడ వరుసలో నిలబడిన మా తాతగారి గురించి నేను ఆమెకు చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. లేచి నా గిన్నెలో ఇంకో గరిటె పోసింది.

గింజ మెత్తబడ్డాక మాంసం బయటికి తీసి, ఎముకలు ఏరి, ముక్కలు విడదీసి మళ్లీ వేశాను. క్యారెట్, సెలరీ కాడలు సన్నగా తరిగి వేసి అరగంట ఉడికించాను. ఈసారి లీక్‌లను నిలువునా చీల్చి, పొరలు విప్పి, నీళ్లు తేటపడేదాకా మూడుసార్లు కడిగాను. వాటిని చివరి పావుగంటలోనే వేయాలి, లేకపోతే పచ్చదనం పోయి జారుడుగా అవుతాయి. ఉప్పు అన్నిటికంటే ఆఖరున. ముందే వేస్తే, సూపు ఇగిరేకొద్దీ ఎక్కువవుతుంది. మిరియాల పొడి కొంచెం, సెలరీ ఆకు, పార్స్‌లీ ఆకు తరిగి చల్లి దించేశాను.

దుంపలు వేరే గిన్నెలో తొక్కతోనే ఉడికించాలి. కెర్స్ పింక్ లాంటి పిండి దుంపలు కావాలి. ఉడికాక తొక్క దానంతట అదే విచ్చుకుంటే సరైన దుంప అని ఇక్కడివారి లెక్క. సూపులోనే వేస్తే చెదిరిపోతాయి.

మా వారు ఆవకాయ తెచ్చుకోబోతే వద్దన్నాను. మొదటి గిన్నె ఏమీ కలపకుండా తినమని బతిమాలాను. రెండో గిన్నె ఆయనే పోసుకున్నారు. మరునాటికి బార్లీ నీటిని పీల్చుకుని సూపు ముద్దలా గట్టిపడింది. కొంచెం వేడినీళ్లు పోసి కాచుకుంటే రుచి మొదటి రోజుకంటే బాగుంది.

పోయిన నెల అమ్మ అనంతపురంలో చేసింది. లీక్ బదులు ఉల్లికాడలు, మార్కెట్‌లో దొరికిన పొట్టేలు మెడ, ఇంట్లో ఉన్న బార్లీ, పప్పులు వాడిందట. నాన్నగారు రాత్రికి కూడా అదే అడిగారట. పోపు వేశావా అని అడిగాను. వేయలేదంది.