మాంటీ పైథాన్ మొదటి సీజన్‌లోంచి గంటసేపు ఏరడం: నా అనుభవం

మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో నెలకో ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరు తమకు నచ్చింది తెచ్చి పెద్ద తెర మీద వేస్తారు. నిబంధన ఒక్కటే, గంట దాటకూడదు. నా వంతు వచ్చినప్పుడు బీబీసీ వాళ్ల కామెడీ కార్యక్రమం ‘మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్’ మొదటి సీజన్‌లోంచి మంచి స్కిట్లు ఏరి వేస్తానన్నాను. 1969 అక్టోబర్ 5న మొదలై 1970 జనవరి 11తో ముగిసిన సీజన్ అది. 13 ఎపిసోడ్లు, ఒక్కోటి అరగంట. ఆరున్నర గంటల సరుకులోంచి గంట తీయాలి. లండన్‌లో ఉన్న మా మరిది ఎప్పుడో పంపిన డీవీడీల పెట్టె ఇంట్లోనే ఉంది. నవ్వొచ్చినవి ఉంచడం, రానివి తీసేయడం, ఇంతే కదా అనిపిస్తుంది ఎవరికైనా.

చూసేవాళ్లెవరో ముందు చెప్పాలి. మొదటి వరసలో మా అత్తయ్యగారూ ఆవిడ స్నేహితురాళ్లూ. పక్కన రిటైరైన ఇంగ్లిష్ లెక్చరర్ మాస్టారు. మూడో అంతస్తు సీఏ గారు, వాళ్లావిడ. వెనక కుర్చీల్లో ఇంజినీరింగ్ పిల్లలు. వీళ్లందరికీ స్కిట్ అంటే 2013 నుంచి ఈటీవీలో వస్తున్న ‘జబర్దస్త్’. అక్కడ లెక్క స్పష్టం: పంచ్ పడాలి, పడగానే జడ్జి పగలబడి నవ్వాలి, ఆఖర్న అన్నిటికంటే పెద్ద పంచ్‌తో స్కిట్ ముగియాలి. పంచ్ పడలేదంటే స్కిట్ పోయిందనే.

పైథాన్ బృందం సరిగ్గా ఈ ఆఖరి పంచ్ మీదే కత్తి దూసింది. గ్రహమ్ చాప్‌మన్, జాన్ క్లీస్, ఎరిక్ ఐడిల్ కేంబ్రిడ్జ్ వాళ్లు. టెర్రీ జోన్స్, మైకేల్ పేలిన్ ఆక్స్‌ఫర్డ్ వాళ్లు. బొమ్మలు కదిలించే టెర్రీ గిలియమ్ అమెరికా వాడు. ఆరుగురూ అప్పటికే వేరే కార్యక్రమాలకు రాసి రాసి ఒకటి గమనించారు. ఎంత మంచి ఆలోచనతో మొదలైన స్కిట్ అయినా, చివర్లో బలవంతంగా ఒక జోకు తగిలించాల్సి రావడంతో నీరుగారిపోతోంది. అందుకని ఆ చివర్నే తీసిపారేశారు. ఆలోచనలో సారం అయిపోగానే మధ్యలోనే వదిలేసి ఇంకోదానిలోకి దూకుతారు. దానికి వంతెన గిలియమ్ కత్తిరించి అతికిన బొమ్మలు. టైటిల్స్‌లో వచ్చి అన్నిటినీ తొక్కేసే పెద్ద పాదం కూడా బ్రాంజీనో అనే పాతకాలపు ఇటలీ చిత్రకారుడి బొమ్మలోంచి కత్తిరించిందే. ఈ దారి 1969 మార్చిలోనే ‘క్యూ5’ అనే బీబీసీ కామెడీ కార్యక్రమంలో హాస్యనటుడు స్పైక్ మిలిగన్ తొక్కేశాడు, అది చూసి వీళ్లు ఉలిక్కిపడ్డారు. మిలిగన్ పుట్టింది మన అహ్మద్‌నగర్‌లో, 1918లో. ఈ ముక్క చెప్తే మాస్టారికి ఆ మేరకు కార్యక్రమం మీద గౌరవం పెరిగింది.

నాకు చిక్కు వచ్చింది ఇక్కడే. చిలక స్కిట్ లేకుండా ఎవరూ ఒప్పుకోరు కాబట్టి ముందు దాన్నే తీసుకున్నాను. క్లీస్ వేసిన ప్రేలీన్ అనే మనిషి చచ్చిన చిలకను పంజరంతో సహా పట్టుకుని దుకాణానికొస్తాడు. అరగంట కిందట ఇక్కడే కొన్నాను, ఇది చచ్చిపోయింది అంటాడు. పేలిన్ వేసిన దుకాణదారు, లేదండీ, విశ్రాంతి తీసుకుంటోంది అంటాడు. నార్వే చిలక కదా, అక్కడి సముద్రపాయల మీద బెంగ పెట్టుకుందంటాడు. కొమ్మ మీద నిలబడిందంటే మేకులు కొట్టారు కాబట్టి. ప్రేలీన్‌కు ఒళ్లు మండి, చనిపోవడానికి ఇంగ్లిష్‌లో ఉన్న నుడికారమంతా ఆ చిలక మీద గుమ్మరిస్తాడు. దీని మూలం చిలక కానే కాదు. కారులో ఏ లోపమూ లేదని వాదించే గ్యారేజీ మనిషి గురించి పేలిన్ చెప్పిన కబురులోంచి, 1968లో వేరే కార్యక్రమానికి కార్ల సేల్స్‌మన్ స్కిట్ ఒకటి రాశారు. మరుసటేడు కారు పోయి చిలక వచ్చింది. సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర మిక్సీ పట్టుకుని నిలబడిన ఎవరికైనా ఆ దుకాణదారు కొత్తవాడు కాదు.

సరే, దీన్ని ఎక్కడ కత్తిరించాలి? తిట్ల దండకం దగ్గర ఆపితే స్కిట్ గొంతు నులిమినట్టుంది. ముందుకు పోనిస్తే దుకాణదారు, బోల్టన్‌లో మా తమ్ముడి దుకాణానికి వెళ్లండి అంటాడు. వెళ్తే అదే దుకాణం, అదే మనిషి, పెదవి మీద మీసం అదనం. ఇది బోల్టన్ కాదు, ఇప్స్‌విచ్ అంటాడు. అక్కణ్ణుంచి గొడవ రైల్వే వాళ్ల మీదికి పోతుంది. చివరికి, ఇదంతా మరీ వెర్రిగా తయారైంది, నేనింక వాదించను అని ప్రేలీనే చేతులెత్తేస్తాడు. అవునవును, వెర్రే అంటూ సైనిక దుస్తుల్లో చాప్‌మన్ వచ్చి ఆపేస్తాడు. ఈ కర్నల్ ఎవరు? ఆ ఎపిసోడ్ మొదటి నుంచి చూసినవాళ్లకే తెలుస్తుంది. దండలోంచి పువ్వు లాగితే దారం కూడా వస్తోంది.

వేరే స్కిట్లకూ ఇదే గతి. నోట్‌బుక్‌లో మార్కులు వేసుకుంటూ పోయాను, మొదటిసారి చూసినప్పుడు పదికి తొమ్మిది వేసిన స్కిట్‌ను విడిగా చూస్తే ఆరు కూడా రావట్లేదు. లార్చ్ చెట్టు ఫొటో సంగతి మరీను. దూరం నుంచి చెట్లను గుర్తుపట్టడం ఎలా అని మూడో ఎపిసోడ్‌లో పాఠం మొదలవుతుంది. నంబర్ వన్, లార్చ్. కాసేపాగి మళ్లీ, నంబర్ వన్, లార్చ్. అరగంటలో అది వచ్చినప్పుడల్లా నాకు నవ్వాగలేదు. విడిగా తీస్తే చెట్టు, అంతే.

ఇలా ఏరుతూంటే కొన్ని వాటంతటవే పక్కకు పోయాయి. కన్నుగీటుతూ డొంకతిరుగుడుగా పెళ్లాం గురించి అడిగే ఐడిల్ స్కిట్ అద్భుతం, కానీ అత్తయ్యగారి పక్కన కూచుని చూడలేను. తెలివితక్కువ శ్రీమంతుల పరుగుపందెం సగం దాకా నాకు చాలా ఇష్టం. అగ్గిపెట్టెల వరసను దాటడానికి వాళ్లు పడే అవస్థ చూడాలి. కానీ ఆఖరి పోటీ తమను తాము కాల్చుకోవడం, కాలేజీ పిల్లలున్న హాల్లో వద్దనుకున్నాను. చిన్న ఊళ్లో అద్దెగదిలో దిగి ఉపఎన్నికకు సిద్ధమవుతున్న హిట్లర్‌ను, అదే మారుపేరుతో ‘మిస్టర్ హిల్టర్’ను, అందరూ మెచ్చుకుంటారు గానీ, నాకు మొదటి నిమిషంలోనే అయిపోయినట్టుంటుంది. మొత్తం సీజన్ మీద నా ఫిర్యాదు ఇంకోటుంది. కాస్త అందంగా ఉండే ఆడపాత్ర వస్తే కరోల్ క్లీవ్‌లండ్‌ను పిలుస్తారు, ఆవిడకు సగం చోట్ల మాటలే ఉండవు. మిగతా ఆడవాళ్లు దాదాపు అంతా చీర బదులు కోటు వేసుకుని కీచుగొంతుతో అరిచే ఈ మగాళ్లే.

చివరికి తేల్చుకున్నది ఇది: ముక్కలు ఏరడం సగం మానేసి, ఎనిమిదో ఎపిసోడ్‌ను పూర్తిగా వేయడం. 1969 డిసెంబర్ 7 నాటిది. చిలక అందులోనే ఉంది, ముసలమ్మల ముఠా అందులోనే ఉంది, పరుపు అన్న మాట వినపడగానే నెత్తిన సంచీ తొడుక్కునే దుకాణం మనిషీ అందులోనే. పైగా కర్నల్ తొలిసారి ఎందుకొస్తాడో కూడా తెలుస్తుంది. ఇద్దరు రౌడీలు సైన్యం దగ్గరికే మామూలు వసూలుకొస్తారు. మీ ట్యాంకులు బావున్నాయి, వాటికేమైనా అయితే బాగుండదు కదా అన్న ధోరణి. కర్నల్ కాసేపు విని, ఈ స్కిట్ వెర్రిగా ఉంది, రాత బాలేదు, ఇక్కడ పెద్ద ఆఫీసర్ని నేను, నాకు ఒక్క జోకూ ఇవ్వలేదు, ఆపేస్తున్నాను అంటాడు. పంచ్ దొరక్క ఆపేశావు అంటాడు రౌడీ. కాదంటే కాదంటాడు కర్నల్. సీజన్ మొత్తం అర్థం కావడానికి ఆ ఒక్క తగువు చాలు.

ఈ ఎపిసోడ్ పేరు ‘ఫుల్ ఫ్రంటల్ న్యూడిటీ’. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ‘ఎనిమిదో ఎపిసోడ్’ అని మాత్రమే పెట్టాను. వీధిలో కోటు తెరిచి ఆడవాళ్లను బెదరగొట్టే ఒకడు వస్తాడు గానీ, లోపల బట్టలూ ఉన్నాయి, మెడలో ‘బూ!’ అన్న అట్టముక్కా వేలాడుతోంది.

మిగిలిన అరగంటకు విడిగా నిలబడగలిగినవి మూడు దొరికాయి. ఒకటి హోటల్లో మురికి ఫోర్కు. భోజనానికొచ్చిన చాప్‌మన్, ఫోర్కుకు కొంచెం మట్టి అంటింది, ఇంకోటి ఇస్తారా అంటాడు, అంతే. వెయిటర్ క్షమాపణ, హెడ్ వెయిటర్ కోపం, మేనేజర్ ఏడ్చి ఏడ్చి ఆ ఫోర్కుతోనే పొడుచుకోవడం, చివరికి వంటవాడు క్లీస్ మాంసం కొట్టే కత్తితో మీదికి రావడం. అంతా అయ్యాక తెర మీద ‘ఇప్పుడు పంచ్‌లైన్’ అని అక్షరాలు పడతాయి. చాప్‌మన్ మన వైపు తిరిగి, కత్తి కూడా మురికిగా ఉందని చెప్పలేదు, నయం అంటాడు. జనం ఛీ కొట్టిన చప్పుడు. పంచ్ వేయడాన్నే వెక్కిరించడం అది.

రెండోది మొదటి ఎపిసోడ్‌లోని ప్రపంచంలోకెల్లా గొప్ప జోకు. రాసినవాడు నవ్వి నవ్వి చస్తాడు, కాగితం తీసి చదివిన తల్లీ చస్తుంది. సైన్యం దాన్ని జర్మన్‌లోకి మార్పిస్తుంది, ఒక్కొక్కరికి ఒక్కో పదమే ఇచ్చి. పొరపాటున రెండు పదాలు చూసినవాడు కొన్ని వారాలు ఆస్పత్రిలో ఉంటాడు. ఇంగ్లిష్ జోకు మనకు ఎక్కడా వినిపించరు. జర్మన్‌లో వినిపించేది అర్థంలేని కూత. మూడోది పదో ఎపిసోడ్‌లో ఉద్యోగ సలహాల ఆఫీసు. ఇరవయ్యేళ్లుగా చార్టర్డ్ అకౌంటెంట్‌గా ఉన్న పేలిన్, సింహాలను ఆడించే ఉద్యోగం కావాలంటాడు. క్లీస్ పరీక్షల ఫలితం చదువుతాడు: మీరు నీరసమైనవారు, పిరికివారు, హాస్యం తెలియనివారు, వేరే వృత్తుల్లో ఇవి లోపాలు గానీ మీ వృత్తిలో వరాలు. తీరా చూస్తే పేలిన్ సింహమనుకుంటున్నది చీమలు తినే యాంటీటర్‌ను.

మాట వేగం అందదని ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు పెట్టాను. ఒక్కో స్కిట్‌కు ముందు తెలుగులో రెండు ముక్కలు చెప్పాను, జోకు మాత్రం చెప్పకుండా. బీబీసీ వార్తలూ డాక్యుమెంటరీలూ ఎంత గంభీరంగా ఉంటాయో తెలిస్తే చాలు, వెక్కిరింత దానంతటదే అందుతుంది. స్టూడియో భాగం వీడియో టేపు మీద, బయట తీసింది ఫిల్మ్ మీద కాబట్టి మధ్యలో బొమ్మ రంగు మారితే ప్రొజెక్టర్ పాడైందనుకోవద్దని కూడా చెప్పాల్సొచ్చింది.

ఫోర్కుకు పెద్దగా నవ్వలేదు, ‘పంచ్‌లైన్’ అక్షరాలకు మాత్రం వెనక కుర్చీల పిల్లలు ఈలలు వేశారు. జర్మన్ జోకును వాళ్లు అప్పటికప్పుడు బట్టీపట్టారు, ఇప్పుడు లిఫ్టులో కనిపిస్తే అదే పలకరింపు. చిలక మొదలయ్యేసరికి మధ్య వరసల్లో ఒకాయన వాషింగ్ మెషిన్ కథ చెప్పడం మొదలుపెట్టాడు, అది చిలక కంటే పొడుగు. మాస్టారు కర్నల్ కనిపించినప్పుడల్లా, ఒక్క ఆయనే, హాయిగా నవ్వారు.

ముసలమ్మల ముఠా వచ్చేసరికి, ఆ తర్వాత హాలు వాడుకోవాల్సిన భజన బృందం తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. తెర మీద హ్యాండ్‌బ్యాగులతో కుర్రాళ్లను చితకబాదుతూ, మోటార్‌సైకిళ్లు నడుపుతూ, గోడల మీద ‘ప్రేమించకండి, టీ పెట్టండి’ అని రాస్తూ అవ్వలు. తలుపు దగ్గర ఒకావిడ తాళాలు చంకలో పెట్టుకుని మరీ చూస్తున్నారు. మా అత్తయ్యగారు నా చెయ్యి గోకి, “ఏమే, వీళ్లంతా మగాళ్లేనా?” అన్నారు. అవునన్నాను. “మా తెనాలి వైపు స్థానం నరసింహారావు గారు నాటకంలో సత్యభామ వేస్తే ఆడవాళ్లు నడక నేర్చుకునేవారట. వీళ్లు నడక కూడా మార్చట్లేదు” అన్నారు. నడక మార్చకపోవడమే ఇక్కడ సరదా అంటే ఒప్పుకోలేదు గానీ, ఆఖరు దాకా కళ్లు తిప్పలేదు. కర్నల్ వచ్చి ఇదీ వెర్రిగా తయారైందని ఆపేస్తే, తాళాలావిడ నా వైపు తిరిగి, “అదేంటమ్మా, ఆపేశావు?” అన్నారు.

సీఏ గారు మాత్రం తన స్కిట్ జరుగుతున్నంతసేపూ మొహం కదపలేదు. నొచ్చుకున్నారేమోనని కుర్చీలు సర్దేటప్పుడు దగ్గరికెళ్లి, “ఊరికే సరదాకండీ అంకుల్” అన్నాను.

“అదేం కాదమ్మా,” అన్నారాయన, “అతను చెప్పినవన్నీ నిజమే. కానీ జీఎస్టీ రాకముందు మాట అది. ఇప్పుడైతే ఆ సింహాలే నయం.”