చుట్టీకి వచ్చి ఇంటి బండి కిందికి దూరే ముందు

గల్ఫ్ సనాయల్లో (షెడ్లు, గ్యారేజీలు ఉండే పారిశ్రామిక వాడల్లో) పనిచేసే మన పాలమూరు, నల్లగొండ మెకానిక్‌లు చుట్టీకి రాగానే వాకిట్లోని పాత స్విఫ్ట్ కారు ముందు సస్పెన్షన్ చప్పుడు చేస్తుందని ఇంట్లోవాళ్లు చెప్తారు. పని చేతికి తెలిసిందే. కానీ ఇక్కడ లిఫ్ట్ ఉండదు, ఎయిర్ గన్ ఉండదు. రోగం కూడా అక్కడిలా ఉండదు. అక్కడ ఎండకు రబ్బరు పగిలి బుష్ (కీళ్లలో ఉండే రబ్బరు ముక్క) పోతుంది. ఇక్కడ ఎండకు తోడు ఊరూరికీ ఉండే స్పీడ్ బ్రేకర్లు, ట్రాక్టర్లు తిరిగే మట్టి బాటలు. పైన ఉండే రబ్బరు తొడుగు (బూటు) చినిగి బురద చేరితే బాల్ జాయింట్ (చక్రం అటూ ఇటూ తిరగనిచ్చే గుండు కీలు) నిలవదు.

సామాను కొనకముందే చప్పుడు ఎక్కడిదో తేల్చాలి. చిన్న గుంతల మీద టకటకమంటే ఎక్కువగా లింక్ రాడ్ (బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీని స్ట్రట్‌కు కలిపే చిన్న రాడ్). బ్రేక్ కొట్టగానే ఒక్కసారి దడ్‌మంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి బండికి కలిపే చేయి) బుష్. చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడితే బాల్ జాయింట్, లేదా వీల్ బేరింగ్. పక్కలకు ఆడితే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ కొన) చూడాలి. షాక్ అబ్జార్బర్ మీద నూనె కారుతుంటే ఆలోచన అక్కర్లేదు, మార్చడమే. షాక్‌లు రెండు పక్కలవీ కలిపే మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతదైతే బ్రేక్ కొట్టినప్పుడు బండి నిలకడగా ఉండదు.

తుప్పు పట్టిన నట్లకు ముందు రాత్రే నూనె కొట్టి పెట్టండి. గట్టి నేల మీద వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, బండిని స్టాండ్ల మీద నిలపాలి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరొద్దు. ఇటుకలు అసలే వద్దు, బరువుకు పగిలిపోతాయి. లింక్ రాడ్ నట్ తిప్పుతుంటే లోపలి బోల్టు కూడా తిరుగుతుంది. దాన్ని ఇంకో పానాతోనో, ఎలెన్ కీతోనో పట్టుకోవాలి. స్ట్రట్ (షాక్, స్ప్రింగ్ కలిసి ఉండే భాగం) విప్పాక నకిల్‌ను (చక్రం బిగించి ఉండే ఇనుప ముక్కను) వైరుతో కట్టేయండి. అది బయటికి వాలితే బ్రేక్ గొట్టం మీద బరువు పడుతుంది, డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ లోపల ఊడొచ్చు.

స్ట్రట్ పైన నడుమ ఉండే నట్‌ను స్ప్రింగ్ నొక్కి పట్టకుండా విప్పితే ప్రాణానికే ముప్పు. స్ప్రింగ్‌ను నొక్కి పట్టే కంప్రెసర్ లేకుంటే స్ట్రట్‌ను అట్లాగే విప్పి పట్నంలో షాపుకు తీసుకుపోండి. తాడుతో, బైండింగ్ వైరుతో కట్టి చేసే పని కాదిది.

కొత్త ఆర్మ్ వేసిన నెలలకే బుష్ చినిగితే సామాను నకిలీదని తిడతాం. చాలాసార్లు తప్పు బిగింపులో ఉంటుంది. బుష్‌లో రబ్బరు లోపలి, బయటి ఇనుప గొట్టాలను పట్టుకుని ఉంటుంది. చక్రం వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలి తిరుగుతుంది, ఆ మెలికలోనే రోజూ నడుస్తుంది. అందుకే ఆర్మ్ బోల్టులు వేలితో పట్టేంతే తిప్పి, బరువు చక్రాల మీదికి వచ్చాకే చివరి బిగింపు బిగించాలి. కిందికి చేయి పోకపోతే స్టాండ్లు తీయకుండానే బాల్ జాయింట్ కింద జాకీ పెట్టి, చక్రం నేల మీదున్నప్పుడు ఎంత ఎత్తులో ఉంటుందో అంత లేపి బిగించినా సరిపోతుంది.

టై రాడ్ ఎండ్ తీసేటప్పుడు ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టి, కొత్తదాన్నీ అన్నే చుట్లు ఎక్కించండి. అది అలైన్‌మెంట్ షాపు దాకా పోవడానికే. నూరు కిలోమీటర్లు తిరిగాక అన్ని బోల్టులూ, చక్రాల నట్లతో సహా, మళ్లీ చూడాలి. ఆ చూపు మీరు శంషాబాద్‌లో విమానం ఎక్కకముందే అయిపోవాలి.